లిఫ్టులో పాప పక్కన కూర్చున్న అమ్మ

దయ్యాలనీ ఆత్మలనీ నేనెప్పుడూ నమ్మలేదు. ఎమ్మెస్సీ చదివాను. పక్కింటివాళ్లు పాపకి దిష్టి తీయమంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఇది చదివి మీరు నమ్మాలని కూడా రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టుకోకపోతే నాకు నిద్ర పట్టడం లేదు.

మాది సిరిసిల్ల. మా ఆయన బ్యాంకు ఉద్యోగం వల్ల సూరత్ వచ్చి అడాజన్‌లో ఉంటున్నాం. ఈ వేసవిలో మా పాప సాన్వి, ఏడేళ్లది, ఒక్కతే లిఫ్టులో ఇరుక్కుపోయింది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, నలభై నిమిషాలు. అంతసేపూ నేను మూడో అంతస్తులో తలుపు బాదుతూ అరుస్తూనే ఉన్నాను. మా సొసైటీ అంతా చూసింది.

ఆ తర్వాత పాప నాతో మాట్లాడటం తగ్గించేసింది. ముట్టుకుంటే బిగుసుకుపోయేది. మళ్లీ ఎక్కిస్తే భయం పోతుందని ఎవరో అంటే, మూడో రోజే ఏడుస్తున్నదాన్ని లాక్కెళ్లి లిఫ్టు ఎక్కించాను. లోపల ఏం జరిగిందో చెప్పమని పూటపూటా అడిగాను. రెండూ తప్పేనని హేతల్‌బెన్ చెప్పాక తెలిసింది.

ఆమె థెరపిస్టు. మనసుకి ఇలాంటి దెబ్బ తగిలిన పిల్లలనీ పెద్దలనీ చూస్తుంది. గది తలుపు ఓరగా తెరిచే ఉంచుతుంది. ఎక్కడ కూర్చోవాలో పాపనే ఎంచుకోమంటుంది. చెయ్యి పట్టుకోవాలన్నా ముందు అడుగుతుంది. ఏం జరిగిందని మాత్రం అడగదు. నాలుగో వారానికల్లా పాప లోపల గుజరాతీలో గలగలా మాట్లాడుతోంది. నాకు గుజరాతీ సరిగా రాదు. బయట కుర్చీలో కూర్చుని ఆ నవ్వు వింటుంటే కడుపు మండిపోయేది. ఇంట్లో నాకు రెండు మాటలు కూడా దక్కడం లేదు మరి.

ఒకరోజు హేతల్‌బెన్ పాపని అడిగి, ఒప్పుకున్నాకే నన్ను లోపలికి పిలిచింది. లిఫ్టులో పాప ఒంటరిగా లేదట. అమ్మ పక్కనే కూర్చుందట. బయట అరిచింది అమ్మే కదా అని తను అడిగితే, "వో తో బాహర్‌వాలీ మమ్మీ థీ", ఆమె బయటి అమ్మ, అందట. భయంలో పిల్లలు తోడు ఊహించుకుంటారని, కాదనవద్దని హేతల్‌బెన్ నాకు హిందీలో నచ్చజెప్పింది.

తల ఊపాను. కానీ ఆ క్షణం నుంచి నా అసూయ హేతల్‌బెన్‌ని వదిలి ఆ లోపలి అమ్మ మీదికి మళ్లింది. ఆమె అరవలేదు. నా బిడ్డని ఊరడించింది.

లిఫ్టు కంపెనీవాళ్లకి చూపించడానికి సొసైటీ సెక్రటరీ కెమెరా రికార్డింగు దాచిపెట్టాడు. అడిగి చూశాను. పాప ఒక్కతే నేల మీద కూర్చుంది. గౌను తడిసిపోయింది. తల పక్కకి వాల్చింది. ఆనుకోవడానికి అక్కడ గోడ లేదు. అయినా చాలాసేపు అలాగే ఉంది. ఒకసారి నవ్వింది.

ఆ పై వారం థెరపీ గదిలో, నేనూ ఉండగా, లోపలి అమ్మ ఏమందో పాపే చెప్పింది.

"ఏం గాదు బిడ్డా, నేను గూడ నూలుకట్టల మీద ఉచ్చ పోసుకున్న. తడిసినయి కింద దాచిన. ఎవ్వలకు తెల్వది."

ఆ యాస నేను కాలేజీలో చేరగానే వదిలేశాను. పాపతో ఒక్కరోజూ అలా మాట్లాడలేదు. సరే, సెలవులకి సిరిసిల్ల వెళ్లినప్పుడు విని ఉంటుందనుకుందాం. కానీ నా ఆరేళ్లప్పుడు, నేను లోపల ఉన్నది చూసుకోక మా నాన్న మా మగ్గాల నూలు గదికి తాళం వేశాడు. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. తడిసిన కట్టల సంగతి మా అమ్మకీ తెలియదు. మా ఆయనకీ తెలియదు. దెబ్బలు పడతాయని ఆ రోజు దాచాను. తర్వాత సిగ్గుతో దాచాను.

ఇప్పుడు హేతల్‌బెన్ దగ్గరికి నేనూ వెళ్తున్నాను, వేరే రోజున.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అంట్లు కడుగుతుంటే పాప వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తనంతట తాను పట్టుకోవడం లిఫ్టులో ఇరుక్కున్న రోజు తర్వాత అదే మొదటిసారి. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వు లోపలి అమ్మవా, బయటి అమ్మవా?"

పిల్లలకి అబద్ధం చెప్పొద్దని హేతల్‌బెన్ అంటుంది.

"లోపలి అమ్మనే బిడ్డా" అన్నాను.

పాప నా నడుం చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. అది నాకోసం కాదని తెలుసు. అయినా నేను వదల్లేదు. ఆ లోపలి అమ్మ ఎవరో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.