వంతెన మొత్తం రావాలి

పెంగ్ జ్యాషెంగ్ పుట్టింది హాన్‌కోలో, పని చేసింది హాన్‌కోలో. అయినా ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడలో చిన్న కెమెరా వేసుకుని, యాత్రకి వెళ్తున్నానని చెప్పేవాడు. యాత్ర అంటే నది దాటడం. అవతలి ఒడ్డున వూచాంగ్. ఈ రెండూ వూహాన్ అనే ఒకే ఊరని పటాలు చెబుతాయి. ఓడ ఎక్కేవాళ్లకి అలా అనిపించదు.

భార్య పేరు హు లామెయ్. మా సందు మొదట్లో నువ్వుల ముద్ద కలిపిన వేడి నూడుల్స్ అమ్మేది. ఆదివారం మాత్రం పొయ్యి పెందలాడే ఆర్పేసి, టీ నీళ్లలో ఉడికించిన గుడ్లు, ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని అతని వెనక నడిచేది.

ఆ కెమెరా అతను పని చేసే బట్టల మిల్లు వాళ్లు బహుమతిగా ఇచ్చింది. మగ్గాలు బాగుచేయడంలో పెంగ్ చేతికి పేరుండేది. కెమెరా అరచేతిలో పట్టేంత. దూరం సరిచూసే పని లేదు, వెలుగు కొలిచే పని లేదు. మీట నొక్కితే చాలు. అందుకే ఇక్కడ దాన్ని మొద్దు కెమెరా అంటారు. ఒక్కో ఫోటో అయ్యాక బొటనవేలితో చక్రం తిప్పితే రీలు ముందుకు జరుగుతుంది.

సందు మలుపులో నాకు ఫోటోలు కడిగే దుకాణం ఉంది. అతని రీళ్లన్నీ నేనే కడిగాను. తొట్టిలోంచి పైకి వచ్చే ఊరు ప్రతిసారీ ఒకేలా ఉండేది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పెద్ద వంతెన. అడుగు మెట్టు నుంచి కొన దాకా పసుపు కొంగ గోపురం. సరస్సు మొత్తం. వాటి కింద ఎక్కడో, సంచి రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలబడ్డ ఒక ఆడమనిషి.

ఒకసారి నేనూ వాళ్లతో వెళ్లాను. గోపురం ముందు లామెయ్‌ని నిలబెట్టి పెంగ్ కన్ను చికిలించాడు.

“వెనక్కి,” అన్నాడు.

ఆమె వెనక్కి జరిగింది.

“ఇంకా. కొన తెగుతోంది.”

“కొన తెగితే గోపురం ఏమన్నా ఏడుస్తుందా?”

“ఇంత దూరం వచ్చి సగం గోపురం పట్టుకెళ్తే జనం నవ్వరూ? ఇంకొంచెం వెళ్లు.”

“ఇంకొంచెం వెళ్తే మెట్ల మీంచి దొర్లిపోతాను. రేపట్నించి ఈ గోపురం చేతే నూడుల్స్ వండించుకో.” నా వైపు తిరిగింది. “చూశావా వెన్ చెల్లీ, పెళ్లయిన దగ్గర్నించీ ఈయన నన్ను వెనక్కి పంపుతూనే ఉన్నాడు.”

“మాటలాపి వంకాయ అను.”

ఫోటోకి నిలబడ్డవాళ్లు మా దగ్గర వంకాయ అంటారు. మా భాషలో ఆ మాట అంటే పళ్లు బయటికి వస్తాయి. లామెయ్ వంకాయ అంది. ఆ దూరానికి మాకు వినబడలేదు. పెదవులు కదలడం కూడా కనబడలేదు.

ఇందులో పెంగ్ ఒక్కడి తప్పు లేదు. అప్పట్లో అందరం అలాగే తీసేవాళ్లం. చూసిన చోటు కోత లేకుండా రావాలి. మనిషి అక్కడికి వెళ్లినట్టు రుజువుగా ఉంటే చాలు. వంతెన తెగిన ఫోటో తెస్తే నేనే అడిగేదాన్ని, దీన్ని అచ్చు వెయ్యమంటారా అని.

2004 చలికాలంలో లామెయ్ పోయింది. పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టి, స్టూలు మీద కూర్చుంది. నూడుల్స్ కోసం వచ్చినవాళ్లు ఆమె కునుకు తీస్తోందనుకున్నారు.

వసంతంలో చింగ్‌మింగ్ వస్తుంది. ఆ రోజు పోయినవాళ్ల సమాధులు ఊడుస్తాం. ఆ లోపల రాయి నిలబెట్టాలి. రాయి మీద పేరు, పేరు పైన పింగాణీ బిళ్ళ, బిళ్ళ మీద మొహం. పెంగ్‌కి కావలసింది ఆ మొహం.

కూతురు యిన్‌తో కలిసి నా దుకాణానికి వచ్చాడు. యిన్ బస్సు డిపోలో పని చేస్తుంది. గబగబా మాట్లాడుతుంది.

“అమ్మ గుర్తింపు కార్డు ఫోటో ఉంది పిన్నీ. దాన్నే పెద్దది చెయ్యి. అందరూ అదే పెడతారు.”

“అది వద్దు,” అన్నాడు పెంగ్.

“ఎందుకొద్దు?”

“అందులో మీ అమ్మ దొంగలా ఉంది. ఆవిడే అనేది.”

“పెళ్లి ఫోటో?”

“ఆ పిల్లతో నాకంత పరిచయం లేదు.”

యిన్ నా వంక చూసింది. పెంగ్ నవ్వలేదు. అతను చెప్పింది నిజమే. పెళ్లి నాడు అతనికి ఆమె ఎవరో సరిగ్గా తెలియదు. తెలుసుకున్నది తర్వాత. ఆ తర్వాతి మనిషి మొహం కావాలి అతనికి.

తెచ్చిన ఫోటోలు బల్ల మీద పరిచాడు. బల్ల నిండిపోయింది. ఒంగి ఒక్కొక్కటే చూశాడు. చాలాసేపటికి తలెత్తాడు.

“ఇంత చిన్నగా ఉందేం?”

నేను భూతద్దం అతని ముందుకి జరిపాను.

“నేను నిలబడ్డ చోటు నుంచి బాగానే కనబడేదే.”

ఉన్నవాటిలో పెద్దది ఏరి, లామెయ్ తల ఉన్న చోటు మాత్రం పెంచి చూశాను. కళ్లు రెండు మచ్చలయ్యాయి. నోరు ఒక గీత అయింది. ఇంకా పెంచితే గీత కూడా పోయింది. బూడిద రంగు రేణువులు మిగిలాయి. పెంగ్ ఆ కాగితం తీసుకుని మడతపెట్టకుండా సంచిలో పెట్టుకున్నాడు.

తర్వాత కొన్నాళ్లు అతను ఒక్కడే నది దాటేవాడు. ఆమె నిలబడ్డ చోట్లకి వెళ్లి నిలబడి వచ్చేవాడు. ఒకనాడు వంతెన దగ్గర హెనాన్ నుంచి వచ్చిన కొత్త జంట అతనికి కెమెరా ఇచ్చి ఫోటో తీయమన్నారు. వెనక తెర ఉన్న కొత్త రకం, అగ్గిపెట్టె అంత కెమెరా. పెంగ్ వాళ్ల దగ్గరికి నడిచాడు. ఇంకా దగ్గరికి వెళ్లి నొక్కాడు. ఆ అమ్మాయి తెర చూసుకుంది.

“తాతా, వంతెన ఏదీ?”

“మీరొచ్చారుగా.”

“మా మొహాలు మా ఇంట్లోనే ఉన్నాయి తాతా. వంతెన కోసం రైల్లో నిలబడి వచ్చాం. మళ్లీ తియ్యవూ?”

మొగుడు పక్కన మొహమాటపడ్డాడు. “పోనీలే, పెద్దాయన ఎక్కడ నొక్కాలో చూసుకోలేదు.”

పెంగ్ వెనక్కి వెళ్లి వంతెన మొత్తం వచ్చేలా మళ్లీ తీశాడు. వాళ్లు సంతోషించారు. ఈ సంగతి నాకు అతనే చెప్పాడు. చెప్పి, ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదన్నాడు.

అయినా ఇంకోసారి వచ్చాడు. ఈసారి ఫోటోలు కాదు, వాటి నెగటివ్‌లు తెచ్చాడు. చలవ కళ్లద్దాలకి ఇచ్చే గుడ్డలో పెట్టి, మిల్లు దారంతో కట్టాడు. నేను వెలుతురు బల్ల వేసి ఒక్కో పట్టీ పరిచాను. ప్రతి రీలు మొదట్లో సగం కాలిన గడి ఒకటుంది. రీలు ఎక్కించేటప్పుడు వెలుగు తగిలి పాడైన గడి. అలాంటివి మేం అచ్చు వెయ్యం. ఎవరూ అడగరు కూడా.

“ఇవి ఎక్కడ తీశావు అన్నా?”

“అవి తీసినవి కావు. ఓడ మీద రీలు ఎక్కించేవాణ్ణి. ఇంట్లో ఎక్కిస్తే ఆ రోజు వాన పడితే దండగ కదా. మూత వేశాక ఊరికే ఒకసారి నొక్కి చక్రం తిప్పాలి, అప్పుడే ఒకటో ఫోటో అంకె వస్తుంది. ఎటు చూపించి నొక్కానో నాకే తెలీదు.”

“వదిన ఎక్కడుండేది?”

“పక్కనే. ఎండ పడకుండా నా మీద గొడుగు పట్టేది.”

ఒక్కో గడీ భూతద్దంతో చూశాను. ఓడ చెక్క. రెయిలింగు. ఎవరిదో బూటు. నీళ్లు. మళ్లీ చెక్క. ఒక గడిలో మాత్రం గొడుగు కాడ, కాడ పట్టుకున్న వేళ్లు, వేళ్ల పక్కన మొహం.

అచ్చు వేశాను. ఎడమ సగం తెల్లగా కాలిపోయింది. కాలిన అంచు నారింజ రంగులో ఉంది. కుడి సగంలో లామెయ్. కాస్త మసక, అంతే. ఒక కన్ను, చెంప, నోటి ఒక కొస. ఆ కొస పైకి లేచి ఉంది. ఏదో అనబోతోంది. ఫోటో తీస్తున్నారని తెలియని మొహం.

పెంగ్ ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

“ఇంత దగ్గరుండేదా?” అన్నాడు.

బిళ్ళ చేసే అతను సగం మొహం కుదరదన్నాడు. అలాంటిది ఎప్పుడూ చేయలేదట. యిన్ అంతకంటే గట్టిగా చెప్పింది.

“చుట్టాలు ఏమంటారు నాన్నా? అమ్మని సగమే పాతిపెట్టామంటారు.”

అప్పుడు నేను ఒక పని చేశాను. కంప్యూటర్‌లో కుడి సగాన్ని అద్దంలో లాగ తిప్పి ఎడమ పక్కన అతికించాను. మసక తగ్గించాను. మొహం నిండింది. యిన్ చేతులు జోడించినంత పని చేసింది.

“చూడు నాన్నా. ఎంత బావుందో.”

పెంగ్ చూశాడు.

“ఎవరీవిడ?”

“నాన్నా.”

“మీ అమ్మ ఒక పక్కే నవ్వేది. ఆ రెండో పక్క నా మీద కోపంగా ఉండేది. ఈవిడ రెండు పక్కలా నవ్వుతోంది. ఈవిడ ఎప్పుడూ నా వెంట యాత్రకి రాలేదు.”

యిన్, తల్లి మూతి విరిచినట్టే విరిచింది. “రెండో పక్క నాకు బాగా తెలుసులే. పొద్దున్నే లేవకపోతే చూపించేది.” తర్వాత ఏడ్చింది. పెంగ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఫోటో బల్ల మీదే ఉంది.

బిళ్ళ చేసే అతన్ని ఆ సగం మొహానికే ఒప్పించింది యిన్. ఏం చెప్పిందో తెలియదు. డిపోలో డ్రైవర్లతో మాట్లాడే గొంతుతో చెప్పి ఉంటుంది.

చింగ్‌మింగ్ నాడు సన్నగా తుంపర పడింది. రాయి ముందు నారింజలు, నువ్వుల ముద్ద కలిపిన నూడుల్స్ పెట్టారు. పెంగ్ అక్క పెద్దది, చూపు తక్కువ. కర్ర పట్టుకుని రాయి దాకా వచ్చి, బిళ్ళ వంక ఒంగి, కళ్లు చికిలించింది.

“ఎండ కొడుతోందిరా. మా మరదలి మొహం సగమే కనబడుతోంది.”

అని ఒక అడుగు పక్కకి జరిగి మళ్లీ చూసింది.

ఆ రోజు ఎండ లేదు. పెంగ్ కూడా అక్క వెనకాలే ఒక అడుగు పక్కకి జరిగి, ఇంకాస్త జరిగి, రాయి వంక చూస్తూ నిలబడ్డాడు.