యాభై రెండో పేరు

నాంపల్లి కోర్టు గోడ పక్కన ముప్పై ఏళ్లుగా అర్జీలు టైపు చేస్తున్న రాజనర్సుకు ఒకటే నియమం: ఎవరేం చెబితే అది కొట్టడం, మంచిచెడ్డలు మనసులోకి రానివ్వకపోవడం. మిషన్ పోయి కంప్యూటర్ వచ్చినా అది మారలేదు.

సోమవారం చెల్లెలు కొండమ్మ ఊరి నుంచి వచ్చింది. తమ గుట్ట మీద రెండో గ్రానైటు క్వారీ వద్దని, ఉన్నదాని పేలుళ్లకే ఇంటి గోడలు పగిలాయని అర్జీ రాయించుకుంది. కడుపు మండి, రాజనర్సు తన మాటలు కూడా నాలుగు చేర్చాడు.

గురువారం ఆ క్వారీ కంపెనీ మనిషి జితేందర్ వచ్చాడు. ఊరివాళ్ల పేర్లు, వేలిముద్రలతో చేతిరాత జాబితా తెచ్చాడు. పైన, "దేశాభివృద్ధి కోసం కొత్త క్వారీకి మాకు అభ్యంతరం లేదు" అని ఉంది. టైపు చేసిస్తే సాయంత్రానికి లక్డీకాపూల్ సర్కారు ఆఫీసులో ఇవ్వాలట. దేశానికి వేరే గుట్టలే దొరకవు కాబోలు!

ముప్పై ఏడో పేరు కొండమ్మది. వెంటనే ఫోన్ చేశాడు.

"ఔ అన్నా, ముద్ర ఏసిన. మా మల్లేష్‌కు గాడ నౌకరి ఇస్తమన్నరు."

"మరి మొన్న గోడలు పగిలినయని రాయిస్తివి గదనే?"

"గదీ నిజమే, గిదీ నిజమే. ఏది గెలవాల్నో సదువుకున్నోనివి, నువ్వే జెప్పు."

ఫోన్ పెట్టేశాడు. కొట్టుకుంటూ పోయాడు. యాభై రెండో పేరు దగ్గర ఆగాడు. ఐలయ్య. తన తండ్రి. పోయి పదకొండేళ్లు. పక్కన ఎవడిదో వేలిముద్ర.

"సార్, గీయన లేడు."

"జర జల్ది కొట్టు కాకా. పైనోళ్లతోని మాట్లాడుడు అయిపోయింది. ఉత్త కాగితం కావాలె, గంతే," అన్నాడు జితేందర్.

కాదంటే మేనల్లుడి నౌకరి పోతుందేమో. ఊకుంటే చెల్లెలి ఇల్లు కూలుతుందేమో. ఎంతకీ తెగలేదు. కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో కూడా తెలియలేదు. ఆ కోపంలోనే మిగతాదంతా కొట్టేశాడు.

జితేందర్ చదవకుండానే కాగితాలు మడిచి, బండెక్కి పోయాడు. అప్పుడు రాజనర్సు తెర మీద చూసుకున్నాడు. తండ్రి పేరు ముందు "కీ.శే." ఉంది. పోయినవాళ్ల పేరు అది లేకుండా ఏనాడూ కొట్టినవాడు కాదు. అలవాటుగా పడిందా, కావాలనే కొట్టాడా, ఆయనకే తెలియలేదు.

కొండమ్మకు చెబుదామని ఫోన్ తీశాడు. ఆఫీసులో ఎవరైనా చదివితే ఆ కాగితం చెల్లదు; అది మంచి కబురో, చెడ్డ కబురో తేలక అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.