మావయ్య కళ్లంలో నా విండ్ టన్నెల్

ఎర్రబస్సు నిండా ఉన్న జనం ఒకేసారి తుమ్మితే ఎలా ఉంటుందో మీరు విని ఉండరు. నేను విన్నాను. తుమ్మించింది కూడా నేనే. దాచకుండా చెబుతాను, నవ్వుకోండి. అద్దంకి వైపు మాత్రం ఎవరికీ నా చిరునామా ఇవ్వకండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో డిప్లొమా పూర్తి చేశాను. మా ఊరికి విమానమంటే ఆకాశంలో పోయే చుక్క. దాని గురించి చదివినవాణ్ని కాబట్టి నేనూ ఆ ఎత్తులోనే తిరిగేవాణ్ని. అంతలో బెంగళూరులో ఒక పరిశోధనశాల టెక్నికల్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచింది.

"డిప్లొమావాళ్లు పరిశోధనలోకి వెళ్లడానికి మంచి దారి అదే," అన్నారు మా లెక్చరర్‌గారు ఫోన్లో. "సొంతంగా చేసిన ప్రయోగం ఒకటి చూపించు. లేకపోతే డిగ్రీవాళ్ల ముందు నిలబడలేవు."

ప్రయోగానికేం కొదవ? మావయ్య కళ్లంలో మిరపకాయలు ఆరుతున్నాయి. కూలీలు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు.

"మావయ్యా, రేకులు గొట్టంలా చుట్టి ఒక చివర ట్రాక్టర్ ఫ్యాను పెడతా. తేలికైన తాలు దూరంగా పోతుంది, మంచికాయ దగ్గరే పడుతుంది. విమానాల నమూనాలు పరీక్షించే ఇలాంటి గాలి గొట్టాన్నే విండ్ టన్నెల్ అంటారు."

"నువ్వు చదివింది విమానాల గురించి కదంట్రా?"

"గాలికి రెక్కయినా కాయయినా ఒకటే!"

"కాయకి ఘాటుంటదిరా."

ఆ ఒక్క మాటలో ఉన్న విజ్ఞానం నా మూడేళ్ల పుస్తకాల్లో లేదు. నేను వింటేగా!

మర్నాడు పొద్దున్నే గొట్టంలో బస్తాడు కాయలు పోయించాను. "స్పీడు పెంచండి!" అన్నాను. "చాల్లేరా," అన్నాడు మావయ్య. "ఇంకా పెంచండి!" అన్నాను, రాకెట్టు వదిలేవాడిలా. గలగలలాడే ఎండుకాయలు రేకులకు కొట్టుకుని పగిలాయి. గింజలూ పొడీ కలిసి ఎర్రటి మేఘంలా బయల్దేరాయి. గొట్టం రెండో చివర ఎటు తిరిగి ఉందో అప్పుడు చూశాను. రోడ్డు వైపు. రోడ్డు మీద, కిటికీలన్నీ తెరుచుకుని, అద్దంకి బస్సు!

బస్సు బస్సంతా తుమ్మింది. డ్రైవరు ఎలాగో బ్రేకు వేశాడు. కండక్టరు కళ్లు మూసుకునే దిగాడు.

"ఎవడ్రా... హాచ్... ఈ పని చేసిన... హాచ్!"

తిట్టు పూర్తి కానివ్వకుండా ఆ తుమ్ములు నాకు చేసిన మేలు మరువలేను. అత్తయ్య బిందెలతో నీళ్లు మోసి అందరి కళ్లూ కడిగించింది. మావయ్య నా చేతిలో చీపురు పెట్టి రోడ్డు చూపించాడు.

ఇంటర్వ్యూలో ప్రయోగం గురించి అడిగారు. నా దగ్గర ఇంకోటి లేదు. ఉన్నదే చెప్పాను.

"ఫలితం ఏమొచ్చింది?"

"తుమ్ములొచ్చాయండి."

నవ్వాక, ఎక్కడ తప్పిందో చెప్పమన్నారు. బోర్డు మీద గొట్టం గీసి, గాలి వేగం ఎక్కడ ఎక్కువైందో, పొడిని పట్టే జల్లెడ ఎక్కడ ఉండాల్సిందో అరగంట చెప్పాను. వారానికి ఉత్తరం వచ్చింది: విండ్ టన్నెల్ విభాగంలో ఉద్యోగం!

పరుగున వెళ్లి మావయ్యకు చెప్పాను.

"నువ్వు చేసిన నిర్వాకం వాళ్లకి చెప్పావా?"

"చెప్పాకే ఇచ్చారు మావయ్యా!"

"అయితే అక్కడున్నోళ్లంతా నీలాంటోళ్లేనన్నమాట!"

పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు ఎండుమిరపకాయను పోపులో తప్ప ప్రయోగంలో వాడను.