ఊపిరి బిగబట్టి రాసిన అక్షరాలు

దుకాణాలకు బోర్డులు రాసే ఆమెను వీధంతా అక్షరాలక్క అని పిలిచేది. గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టడం తండ్రి దగ్గర అబ్బిన అలవాటు. ముప్పై ఏళ్ళు అలాగే రాసింది.

యాభయ్యో ఏట ఒక మందుల షాపు బోర్డు రాస్తుంటే, నిచ్చెన మీదే గుండె ఆగినట్టయి వెంటనే దడదడలాడింది. కింద నిచ్చెన పట్టుకున్న ఆడపడుచు హడలిపోయింది.

"వదినా, దిగు! మొహంలో నెత్తురు చుక్క లేదు."

"ఈ ఒక్క సున్నా పెట్టేసి దిగుతా."

"నీకే సున్నా చుట్టేస్తారు, ముందు దిగు!"

ఆ రోజు నుంచి ఆమెకు భయం పట్టుకుంది. గంటకోసారి నాడి చూసుకునేది. చూసుకున్నకొద్దీ దడ పెరిగేది. చివరికి కుంచె ముట్టడమే మానేసింది.

ఆడపడుచు పోరు పడలేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఒంటికి తీగలంటించి, రోజంతా గుండె లయను నమోదు చేసే చిన్న యంత్రం తగిలించింది. మర్నాడు ఆ యంత్రం గీసిన కాగితాలు చూసింది.

"గుండె గట్టిగానే ఉందమ్మా. మధ్యమధ్య తొందరపడి ఒక దెబ్బ ముందే కొడుతోంది. మాత్ర రాస్తాను. నీ భయం, ఊపిరి బిగబట్టడం కూడా దాన్ని రెచ్చగొడుతున్నట్టున్నాయి."

"ఊపిరికీ గుండెకీ ఏం సంబంధమండీ?"

"నాడి మీద వేలు పెట్టుకో. పీల్చు... ఇప్పుడు మెల్లగా వదులు."

పీల్చినప్పుడు నాడి కాస్త పరుగెత్తింది. వదిలినప్పుడు నిదానించింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"మెదడు నుంచి గుండెకు వెళ్ళే నరాల్లో కొన్ని దాన్ని తోలుతాయి, కొన్ని పగ్గం లాగుతాయి. భయపడితే తోలేవాటిదే పైచేయి. ఊపిరి నిదానంగా వదిలితే పగ్గం అందుతుంది. అలాగని మాత్ర మానకు. కళ్ళు తిరిగినా, దడ తగ్గకపోయినా వెంటనే రా."

ఇంట్లో పాత రేకుల మీద, ఊపిరి వదులుతూ గీతలు లాగడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళ చెయ్యి మాట వింటుందా?

"వదినా, ఈ 'ల' తప్పతాగి వచ్చినట్టుంది!" అంది ఆడపడుచు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. చాన్నాళ్ళకు ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

నెల తిరిగేసరికి గీత కుదిరింది. ఒక బడి గోడ మీద రాయడానికి ఒప్పుకుంది. రెండో రోజు గుండె మళ్ళీ తడబడింది. ఆమె కుంచె దించి, గోడకు ఆనుకుని, పొడుగ్గా ఊపిరి వదిలింది. ఇంకోసారి. మరోసారి. దడ సద్దుమణిగింది.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు. ఆ నీలం డబ్బా ఇటివ్వు."