గేటు ముందు ఆగిన చేపలు

హారిస్ పార్క్‌లో మన ఇండియన్ కొట్లో బీరకాయలు ఏరుకుంటుండగా మా ప్రొఫెసర్‌గారి భార్య, ఆంటీ, ఫోన్ చేసి, సార్ పోయారని చెప్పారు. బుట్ట అక్కడే వదిలేసి బయటికొచ్చి నిలబడ్డాను. యూనివర్సిటీలో అందరూ ఆయన్ని పేరు పెట్టే పిలిచేవారు. నన్నూ అలాగే పిలవమనేవారు గానీ నాకు నోరు రాలేదు. చివరిదాకా సార్ అనే అన్నాను.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు నా బతుకు ఒక రేకుల షెడ్డులో గడిచింది. నది సముద్రంలో కలిసేచోట కట్టిన బ్యారేజీ మీద ఉండేది ఆ షెడ్డు. సముద్రం నుంచి నదిలోకి ఎక్కాలనుకున్న చేపలు మూసిన గేట్ల కింద గుంపుగా ఆగిపోయేవి. అలా ఆగిన వాటిని సీళ్లనే సముద్ర జంతువులు వచ్చి తినేసేవి. చేపలు చేరగానే నీళ్లలో కూడా పేలే టపాసు వెలిగించి విసిరి సీళ్లను తరమడం, ఎన్ని వచ్చాయో ఎన్ని పోయాయో రాసుకోవడం నా పని. టపాసులు పనిచేస్తే ప్రాజెక్టు పొడిగిస్తారు, స్కాలర్‌షిప్పూ వీసా సాగుతాయి. లేదంటే పెట్టె సర్దుకోవడమే. ఈగలు తోలుకుంటూ ఆ గేట్ల వంక చూస్తూ కూర్చునేదాన్ని.

సార్‌ది గోదావరి లంక. వారానికోసారి ఆంటీ చేసిన పులిహోర డబ్బా పట్టుకొచ్చేవారు. నేను తినేదాకా పని మాట ఎత్తేవారు కాదు. లాప్‌టాప్‌లో పట్టికలు చూపిస్తే పక్కకి నెట్టి, పెన్సిలుతో రాసిన నోటుబుక్కు అడిగేవారు. గోదావరి బ్యారేజీ దగ్గర పులసకీ ఇదే గతి అనేవారు, అక్కడ వలలు, ఇక్కడ సీళ్లు. "కాచుకున్నోణ్ణి తిట్టి ఏం లాభం అమ్మా, తలుపు మూసిందెవరో చూడు."

మొదట్లో సీళ్లు నిజంగానే పారిపోయాయి. తర్వాత్తర్వాత, చప్పుడు వినగానే దూరంగా బండల మీద ఎండకి పడుకున్నవి కూడా దూకి వచ్చేవి. టపాసు పేలిందంటే చేపలు చేరినట్టేనని వాటికి తెలిసిపోయింది. వాటిని భోజనానికి పిలుస్తున్నది నేనే. అలా జరిగిన తొమ్మిది రోజులనూ పట్టికలోంచి తీసేశాను.

నోటుబుక్కు తిరగేసి సార్ పట్టేశారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నైన్ డేస్ మిస్సింగ్ కదమ్మా. ఇవి దాస్తే రేపు ఇంకో స్టూడెంట్ వచ్చి మళ్లీ ఇవే టపాసులు వేస్తుంది. చేపలు మళ్లీ పోతాయి."

"మరి నా వీసా సార్?"

ఆయన నోటుబుక్కు ఆ తొమ్మిది రోజుల దగ్గర తెరిచి నా చేతిలో పెట్టారు.

తొమ్మిది రోజులూ మళ్లీ పట్టికలో పెట్టాను. ప్రాజెక్టు ఆగిపోయింది. పీహెచ్‌డీ చేతికి రాలేదు, మాస్టర్స్ డిగ్రీతో సరిపెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాను. మళ్లీ ఈ దేశం రావడానికి ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ ఆయన మీద కోపంగానే ఉన్నాను. ఈ మాట దాచి రాస్తే ఆయనే ఒప్పుకోరు. టపాసుల ఆలోచన తనదేననీ, తప్పు తనదేననీ ఆయన ప్రాజెక్టు ఆపేసిన మీటింగులో అందరి ముందూ చెప్పారట. ఆ సంగతి చాలా తర్వాత ఆంటీ చెబితే తెలిసింది.

షెడ్డు ఖాళీ చేసే ముందు ఆయన బ్యారేజీ వాళ్లను బతిమాలి, చేపలెక్కే వారమంతా ఒక చిన్న గేటు తెరిచి ఉంచేలా ఒప్పించారు. నా ఆఖరి రోజు పొద్దున్న ఇద్దరం రెయిలింగు దగ్గర నిలబడ్డాం. అప్పటికి ఆయనతో మాట్లాడి నాలుగు రోజులైంది. కింద చేపలు ఆగకుండా సన్నటి వరసలో గేటు దాటుతున్నాయి. ఒక సీల్ వచ్చి, కాసేపు వెతుక్కుని, వెళ్లిపోయింది. సార్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, నీళ్లమీదికి వంగి చేపలతో, "పదండమ్మా, పదండి," అంటున్నారు. వెలిగించని టపాసుల పెట్టె పట్టుకుని నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.