నా పేరున లైసెన్సు

మా నాయన ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసేవాడు. డెబ్బైల చివరి సంగతి ఇది. అప్పట్లో రేడియో ఉన్నవాళ్లు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. బాగుచేసేవాళ్లకూ వేరే లైసెన్సు ఉండాలని, దానికి రేడియో పని చదివి పరీక్ష పాసైన సర్టిఫికెట్టు చూపమని ఒకసారి ఆఫీసువాళ్లు నాయనకు చెప్పిపోయినారు. నాయన చదివింది ఐదో తరగతి. చేతిపనిలో మాత్రం ఎవరికీ తీసిపోడు. పాడైన సామాను తీసేస్తే, దాన్ని కాగితంలో చుట్టి రేడియోతో పాటే ఇచ్చేవాడు. "వాళ్ల వస్తువు వాళ్లకే చేరాల" అనేవాడు.

"ఆ పరీక్షేందో నువ్వు రాయమ్మా" అన్నాడు నాతో. ఇంటర్ పాసై రెండేండ్లుగా ఆయన పక్కనే కూచుని టంకం పెడుతున్నదాన్ని.

నంద్యాలలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలలు చదివినాను. అందరూ మగవాళ్లే. ప్రాక్టికల్ నాడు పరీక్ష పెట్టడానికి వచ్చినాయన పలకని రేడియో ఒకటి నా ముందు పెట్టి, "మొదట ఏం చేస్తావు?" అన్నాడు.

"ఎప్పటినుంచి పలకలేదో ఇంటోళ్లను అడుగుతా సార్."

నాయన చేసేదే చెప్పినాను. పరీక్ష పెట్టినాయన నవ్వినాడు. పాసైనాను.

లైసెన్సు చేతికొచ్చే లోపలే కొత్తపల్లె మిషన్ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. "పో అమ్మా. నెలనెలా జీతమొచ్చే పని" అన్నాడు నాయన. పోయినాను. నా పేరున వచ్చిన లైసెన్సుకు పటం కట్టించి అంగట్లో తగిలించినాడు.

ఏడాది తర్వాత లైసెన్సుల ఇన్‌స్పెక్టరు అంగడికి వచ్చినాడట. "లైసెన్సున్నామె యాడ?" అంటే నాయన అబద్ధమాడలేదు. "బడిలో చదువు చెప్తాంది సార్. పని నేనే చేస్తాండా" అన్నాడు. వారంలో ఆ మనిషి అంగట్లో కనపడకుంటే లైసెన్సు రద్దేనని ఇన్‌స్పెక్టరు చెప్పిపోయినాడు. నాయన కార్డు రాస్తే, సెలవు పెట్టి వచ్చినాను.

ఆ పొద్దు ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి, ఒక రైతు తెచ్చిన రేడియో విప్పుకొని కూచున్నాను. స్పీకరు దగ్గర తీగ తెగింది. టంకం పెట్టి స్విచ్చి వేస్తే ఎవరో పొలం కబుర్లు చెప్తున్నారు. నా వేళ్లకు ప్రాణం లేచొచ్చింది. ఇన్‌స్పెక్టరు అంతా చూసి, మెల్లగా అడిగినాడు.

"పని బాగుందమ్మా. రోజూ ఈడనే ఉంటావా?"

ఉంటానన్న మాట గొంతుదాకా వచ్చింది. నాయన వైపు చూసినాను. ఆయన తల వంచుకొని, ఆ రేడియో అద్దం గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఉండను సార్" అన్నాను.

నాయన లేచి, తనే పటం దించి ఇన్‌స్పెక్టరు చేతికి ఇచ్చినాడు. సాయంత్రం బస్సెక్కిస్తూ, "ఆ టంకం బాగా పెట్టినావు" అన్నాడు. బస్సులో కొత్తపల్లె దాకా ఏడుస్తానే ఉన్నాను.

తర్వాత నాయన అంగడి మూసేసి, నంద్యాలలో లైసెన్సున్న ఒకాయన కింద పనికి చేరినాడు. కొన్నేండ్లకు రేడియోల లైసెన్సే ఎత్తేసినారు. కానీ అప్పటికే ఆయన చూపు తగ్గింది, సొంత అంగడి మళ్లా పెట్టలేదు.

సెలవుల్లో ఆ నంద్యాల అంగడికి పోయేదాన్ని. ఆయన పక్కన రెండో స్టూలుకు చోటుండేది కాదు. గడప దగ్గర నిలబడి, ఆయన చేతులనే చూసేదాన్ని.