తొమ్మిదో చుక్క

మా ఊళ్ళో అరవై దాటిన ఏ ఆడదాని ముఖం చూసినా అందులో బెస్నా అక్క చేతిపని ఉంటుంది. నా గడ్డం మీద మూడు చుక్కలు ఆమె పొడిచినవే. నా పెళ్ళికి పది రోజుల ముందు పొడిచింది, కదిలినందుకు నెత్తిన ఒక మొట్టికాయ కూడా వేసింది. మధ్య చుక్క కాస్త పక్కకి జరిగింది. అది నా తప్పేనని నలభై ఏళ్ళుగా అంటూనే ఉంది.

టర్కీ దక్షిణపు అంచున ఉన్న మా హర్రాన్ మైదానంలో పచ్చబొట్టుకి కావలసినవి మూడు. రొట్టె పెనం అడుగున పట్టిన మసి, గొర్రె పిత్తం రెండు చుక్కలు, ఆడపిల్లకు పాలిస్తున్న తల్లి పాలు. మగపిల్లవాడి తల్లి పాలు కలిపితే రంగు నిలవదని, ఏడాది తిరగకుండానే వెలిసిపోతుందని మా నమ్మకం. బెస్నా అక్కకు పిల్లలు లేరు. మొగుడు పెళ్ళయిన ఆరేళ్ళకే పోయాడు. కాబట్టి పని వచ్చినప్పుడల్లా చిన్న రాగి గిన్నె పట్టుకుని, ఆడపిల్ల పుట్టిన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేది. మామూలుగా పిల్లలు లేని ఆడదాన్ని బాలింత గదిలోకి రానివ్వరు, దిష్టి తగులుతుందంటారు. ఆమెను మాత్రం లోపలికి పిలిచి, పరుపు వేసి, టీ పోసి, బిడ్డను ఒళ్ళో పెట్టేవాళ్ళు. గిన్నె చేతిలో ఉన్నంత కాలం ఆమెకు ఊళ్ళో మూసిన తలుపు లేదు.

పని దగ్గర మాత్రం మహా మొండిది. చేయి చాపగానే సూది తీసేది కాదు. ముందు మసినీళ్ళలో పుల్ల ముంచి బొమ్మ గీసి, మూడు రోజులు దాన్ని పెట్టుకుని తిరగమని పంపేసేది. పిండి పిసుకు, మేకను పితుకు, అత్తతో పోట్లాడు, నాలుగో రోజుకి కూడా మొహం మొత్తకపోతే అప్పుడు రా అనేది. సగం మంది రెండో రోజే కడిగేసుకునేవాళ్ళు. వాళ్ళను చూసి సంతోషించేది. వేళ్ళ కణుపుల మీద పెట్టేది కాదు, అక్కడి చర్మం రోజంతా ముడుచుకుంటూనే ఉంటుంది, రంగు పట్టదు. చుక్కకీ చుక్కకీ మధ్య బార్లీ గింజంత ఖాళీ వదిలేది. వయసుతో పాటు రంగు పాకుతుంది, ఇరుకుగా పెడితే ముసలితనానికి అన్నీ కలిసి మరకై కూర్చుంటాయి. ఎండాకాలంలో చెమటకి పుండు మానదని సూది ముట్టేది కాదు. కడుపుతో ఉన్నవాళ్ళను, జ్వరం పడి లేచినవాళ్ళను గుమ్మంలోంచే పంపేసేది. ఆమె పొడిచిన వాటిలో ఒక్క పుండు కూడా చీము పట్టలేదు. ఆ సంగతి అడిగినా అడక్కపోయినా చెప్పేది.

తర్వాత కాలం మారింది. దేవుడు చేసిన ఒంటిని మార్చడం పాపమని పెద్దలు చెప్పడం మొదలుపెట్టారు. బడికి వెళ్ళే ఆడపిల్లలకు మా గడ్డాలు చూస్తే నవ్వొచ్చింది. పాతికేళ్ళుగా ఒక్కరూ చేయి చాపలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, గిన్నె లేని బెస్నా అక్క మాకు ఉత్త గొడ్రాలిగానే కనిపించింది. ఇంకొకరి మాట ఎందుకు, నేనే ఉన్నాను. నా కోడలు సోసిన్‌కు ఆడపిల్ల పుట్టినప్పుడు అక్క చూడడానికి వస్తే, బిడ్డ నిద్రపోతోందని అబద్ధమాడి వాకిట్లోంచే పంపించాను. లోపల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె విన్నది. సరేలే, నిద్రపోనీ, అని వెళ్ళిపోయింది.

ఇంటికి ఒక మనిషి రావడం కోసం ఆమె పడే పాట్లు నాకు తెలుసు. ఆమె దగ్గర మంచి జల్లెడ ఉండేది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అరువిచ్చేది. తిరిగివ్వడానికి ఎవరైనా వస్తారుగా, వస్తే కూర్చోమనవచ్చుగా. క్రమంగా అందరూ సొంత జల్లెడలు కొనుక్కున్నారు.

పోయినేడాదికి ముందు వసంతంలో మినీ బస్సు దిగి ఒక అమ్మాయి బెస్నా అక్క ఇల్లెక్కడని నన్నే అడిగింది. పేరు హెలీన్. పడమటి సముద్రం ఒడ్డున ఇజ్మీర్‌లో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తోంది. బస్సులో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. మా భాష తడబడుతూ మాట్లాడుతోంది. వాళ్ళ అవ్వది పక్క ఊరు, చలికాలంలో పోయిందట. ఆ అవ్వ చేతి ఫోటో ఫోన్‌లో ఉంది. మణికట్టుకి పైన గుండ్రటి గీత, చుట్టూ తొమ్మిది చుక్కలు, మా సూర్యుడి బొమ్మ. అచ్చం అలాంటిదే తన చేతికీ కావాలంది.

బెస్నా అక్క ఫోన్‌ను ఎండలోకి పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది నా చేతిపనే. దీనికప్పుడు పదహారేళ్ళు. ఎంత ఏడ్చిందనుకున్నావు" అంది. ఆ మాటకి హెలీన్ ఏడ్చింది. సాయంత్రం బస్సుకే తిరిగి పోదామని వచ్చిన పిల్ల, మూడు రోజుల నియమం విని తెల్లబోయింది. డాక్టరుకి ఫోన్ చేసి పది రోజులు సెలవడిగి, అక్క ఇంట్లోనే దిగింది.

నాలుగో రోజు పొద్దున అక్క రాగి గిన్నె తీసింది. మా ఇల్లు ఆమె ఇంటికి మూడో గడప. అయినా ఊరంతా చుట్టి, ప్రతి వాకిలి ముందు నుంచీ నడిచి మా ఇంటికి వచ్చింది. నాకు సిగ్గేసింది. లోపలికి పిలిచి పరుపు వేశాను. సోసిన్ పాలు పితికి ఇచ్చి, పిల్లను ఆమె ఒళ్ళో పెట్టింది. అక్క పిల్ల అరికాలు ముద్దుపెట్టుకుంది. టీ చల్లారిపోయేదాకా లేవలేదు.

హెలీన్ ఆస్పత్రి పద్ధతులు తెలిసిన పిల్ల. కాగితం విప్పని కొత్త సూదులు తెచ్చింది, అక్క వాటిని కూడా నీళ్ళలో మరిగించింది. పాలూ మరిగించమని పిల్ల అడిగితే, మరిగినా ఆడపిల్ల తల్లి పాలు ఆడపిల్ల తల్లి పాలేగా అని ఒప్పుకుంది. ఏడు సూదులు కలిపి దారంతో కట్టింది. చర్మాన్ని బొటనవేలితో బిగలాగి పట్టుకుని, లోతు పోకుండా, పైపైన ఉండిపోకుండా పొడుస్తూ వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళ చేయి ఒక్కసారి కూడా గీత దాటలేదు. రక్తం ఎక్కువ వస్తే రంగు కడుక్కుపోతుందని మధ్యలో ఆపి, పిల్ల చేత తీపి టీ తాగించింది.

నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ఎనిమిది చుక్కల దగ్గర అక్క సూదులు కింద పెట్టేసింది. తొమ్మిదో చుక్క ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఆఖరి చుక్క ఏడాది తిరిగేసరికి పెట్టాలి తల్లీ. ముందువి కుదురుకోవాలి. మా ఆచారం" అంది హెలీన్‌తో.

అలాంటి ఆచారం మా దగ్గర లేదు. పిల్ల చేయి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు అదే మాట అక్కతో అన్నాను. ఆమె నా వైపు చూడకుండా సూదుల దారం విప్పుతూ, "నోరు మూసుకోవే షెమ్సే. మళ్ళీ రావాలిగా" అంది. 

ఆ వారం రోజులూ ఆమె చెప్పిన వాటిలో అబద్ధం అదొక్కటే. మిగతావన్నీ నిజాలే. రోజుకి రెండుసార్లు, ముందు తన చేతులు శుభ్రంగా కడుక్కుని, కాచి చల్లార్చిన నీళ్ళతో పుండు కడిగేది. పాత మెత్తటి నూలుగుడ్డతో అద్దేది, తుడిచేది కాదు. హెలీన్ తెచ్చిన లేపనం వాసన చూసి, మంచిదే కానీ పలచగా రాయాలంది. మందంగా రాస్తే పుండుకి ఊపిరాడదట. మూడో రోజు చెక్కు కట్టి దురద మొదలైంది. పిల్ల గోకబోతే అక్క ఆ చేయి పట్టుకుని అరచేత్తో మెల్లగా తట్టేది. గోకితే చెక్కుతో పాటు రంగూ ఊడొస్తుందనేది. అలా తడుతూ కూర్చుని, ఆ పిల్లకు వాళ్ళ అవ్వ చిన్ననాటి అల్లరి చెప్పేది. నేను దాటిపోతుంటే లోపల నవ్వులు వినిపించేవి. ఆ ఇంట్లోంచి నవ్వు వినడం నాకు కొత్తగా ఉండేది. వారం తిరిగేసరికి చెక్కు కందిపొట్టులా దానంతటదే రాలింది. కింద నీలం తేలింది, ఎక్కడా చీము లేదు, ఎరుపు లేదు.

బస్సెక్కేటప్పుడు కూడా చెబుతూనే ఉంది. నెల దాకా ఎండ తగలనివ్వకు, సముద్రంలో దిగకు, వాసన సబ్బు రాయకు. ఎర్రబడి వేడెక్కితే సిగ్గుపడకుండా డాక్టరుకి చూపించు. ఏడాదికి రా. హెలీన్ అన్నిటికీ తలూపి, సోసిన్ ఫోన్ నంబరు రాసుకుంది.

ఆ ఏడాదంతా బెస్నా అక్క రోజూ మా ఇంటికి వచ్చింది. ఎందుకంటే సోసిన్ పాలు. తొమ్మిదో చుక్కకి మళ్ళీ అవే పాలు కావాలి, లేకపోతే రంగు తేడా వస్తుందంది. పిల్లను అప్పుడే మాన్పించకని సోసిన్‌ను బతిమాలుకుంది. పాలు పడడానికని ఖర్జూరాలు, నువ్వులు కొంగున కట్టుకుని తెచ్చేది. పిల్ల తాగుతోందా లేదా చూసి, దాని బుగ్గ గిల్లి, వాతావరణం గురించి రెండు మాటలు అడిగి వెళ్ళేది. పిల్లకు పళ్ళొచ్చాయి, నడక వచ్చింది, సోసిన్‌ను కొరికి ఏడిపించడం కూడా వచ్చింది. సోసిన్ విసుక్కుంటూనే మాన్పించకుండా ఉంది. అక్క వచ్చే వేళకి నేను టీ పెట్టడం అలవాటు చేసుకున్నాను. అంతకుముందు ఆ వేళకి నేనేం చేసేదాన్నో గుర్తులేదు.

వసంతం వచ్చింది. అక్క పెనం మసి గీకి దాచింది, ఇంటికి సున్నం వేయించింది. ఏడాది సరిగ్గా నిండిన రోజు పొద్దున కొత్త తలముసుగు కప్పుకుని వచ్చి, హెలీన్ ఈ వారంలో ఎప్పుడైనా రావచ్చని మాతో చెప్పింది. ఆ మధ్యాహ్నమే సోసిన్ ఫోన్‌కి ఫోటో వచ్చింది. వెంటనే అక్కను పిలిపించాం.

హెలీన్ చేయి. గుండ్రటి గీత చుట్టూ తొమ్మిది చుక్కలు. కింద రాసి ఉన్నది సోసిన్ చదివి వినిపించింది. అవ్వా, సెలవు దొరకలేదు. నువ్వు చెప్పిన ఆచారం తప్పకూడదని ఇక్కడ పచ్చబొట్లు వేసే ఒకతన్ని వెతికి, పది రోజుల ముందే పెట్టించాను. ఈ రోజుకి మానిపోయి సిద్ధంగా ఉండాలని. మా అవ్వ సూర్యుడు పూర్తయ్యాడు. నీ చేతులకు ముద్దులు.

అక్క ఫోన్ తీసుకుంది. పెద్దది చేయించుకుని చూసింది. ఎప్పుడూ ఎవరి పనినీ మెచ్చుకోని మనిషి, "బాగా పెట్టాడు. కాస్త పెద్దదైంది, అంతే. శుభ్రంగా మానింది" అంది.

 అలాంటి ఆచారమే లేదని, నువ్వు రావాలనే ముసల్ది చుక్క మిగిల్చిందని రాయవే, అని సోసిన్‌తో అన్నాను. అక్క నా చేయి పట్టుకుని ఆపింది. పిల్ల మాట నిలబెట్టుకుంది, దాన్ని ఏడిపించడం దేనికి అంది. బాగుందని, ఎండ తగలనివ్వద్దని మాత్రం రాయించింది.

తర్వాత తలముసుగు సర్దుకుని లేచింది. పిల్ల వచ్చి ఆమె మోకాలు పట్టుకుంది. దాని తల నిమిరి, సోసిన్ వైపు తిరిగింది.

"ఇక పిల్లను మాన్పించుకో తల్లీ. నా కోసం ఆగొద్దు."

పనేమీ లేకపోయినా రా అక్కా, అని నేను అనాల్సింది. మాట నోటిదాకా వచ్చింది. బిడ్డ నిద్రపోతోందని ఒకనాడు అబద్ధమాడిన నోరది, ఆ మాట పైకి రానివ్వలేదు. రేపెలాగూ వస్తుందిలే, అప్పుడే అందాం అనుకున్నాను.

మర్నాడు ఆ వేళకి టీ పెట్టాను. ఆమె రాలేదు.